రెల్లు దిబ్బ మీద కెమెరా

రెల్లు పూసిందంటే మా ఆయన ఇంట్లో మనిషి కాడు. వానలు వెనకబట్టి, ఆకాశం తేరుకుని, ఏటి ఒడ్డున తెల్లటి కుచ్చులు తలలెత్తే ఆ నెలా నెలన్నర రోజులూ ఆయన స్టూడియోలో కూర్చున్నా చూపు మాత్రం కిటికీ బయటే. పాస్‌పోర్టు సైజు ఫొటోకి వచ్చినవాడు గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి, బల్ల మీద బిగుసుకుపోయి ఉంటాడు. ఈయన మబ్బు ఎలా ఉందో చూసొస్తానని వీధిలోకి పోతాడు. "ఫొటోల బాబు ఏడమ్మా?" అని వాడు బల్ల దిగొచ్చి నన్ను అడిగేవాడు. ముందు గదిలో స్టూడియో, వెనక రెండు గదుల్లో మా కాపురం. అందుకని ఆ జవాబు చెప్పుకోవలసింది నేనే.

అరవైల చివరి మాట ఇది. శ్రీకాకుళంలో అప్పట్లో స్టూడియో అంటే పెళ్ళిళ్ళు, బడిపిల్లల గ్రూపు ఫొటోలు, ఆఖరికి శవాలు. బతికుండగా ఒక్క ఫొటో తీయించుకోని మనిషిని పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీయించే ఇళ్ళు చాలా ఉండేవి. మా పొయ్యి వెలిగేది వీటితోనే. ఏరు ఫొటో ఎవరు కొంటారు? ఏరు ఊరికే కనిపిస్తుంటే. అయినా ఏటా ఆ రోజుల్లో ఫొటో పడే గాజు ప్లేట్ల పెట్టె మోసుకుని ఏటికి పోయేవాడు. ఎవరి పిచ్చి వారికానందం అనుకుని ఊరుకునేదాన్ని అని ఇప్పుడు చెప్తున్నాను గానీ, నిజానికి బాగా సణిగేదాన్ని. కొత్త కాపురం. మొగుడు నా మొహం కన్నా మబ్బుల మొహం ఎక్కువ చూస్తుంటే ఏ ఆడదానికి మాత్రం ఒళ్ళు మండదు?

ఆ కెమెరా ఆయనకి పని నేర్పిన ముసలాయన పోతూ పోతూ ఇచ్చి వెళ్ళింది. టేకు చెక్క పెట్టె, ముందు లెన్సు, మధ్యన తోలు మడతలు, వెనక గాజు పలక, కింద మూడు కాళ్ళ స్టాండు. ఆ గాజు పలక మీద బొమ్మ కనపడాలంటే చుట్టూ చీకటి ఉండాలి. అందుకని తీసేవాడు నడుము దాకా నల్లగుడ్డ కప్పుకుని కెమెరాకి అతుక్కుపోవాలి. మా ఆయన ఆ గుడ్డలోకి దూరాడంటే మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో ఆయనకే తెలియదు. గాలి ఆగాలి, రెల్లు ఊగకూడదు, మబ్బు వచ్చి తను అనుకున్న చోట నిలబడాలి. అవన్నీ గాజు మీద చూసుకుంటూ లోపలే ఉండేవాడు.

ఒకసారి పెరట్లో స్టాండు దింపి నన్ను కూడా చూడమన్నాడు. గుడ్డలోకి దూరాను. లోకం తలకిందులుగా ఉంది. మా అత్తగారు పైన ఎక్కడో కాళ్ళు పెట్టి, కిందికి వేలాడుతూ బట్టలు ఆరేస్తోంది. పైగా అంతా నారింజ రంగు. తెల్లమబ్బు ఫొటోలో తెల్లగా పడాలంటే దాని వెనక ఆకాశం నల్లబడాలట. అందుకోసం లెన్సుకి నారింజ రంగు గాజుబిళ్ళ ఒకటి తొడిగేవాడు. ఆ బిళ్ళ తొడిగాక ఎర్ర పెంకు, మట్టిగోడ, ఆరేసిన తెల్లచీర అన్నీ ఒకటే రంగులో ఉన్నాయి.

"మరి ఏది ఏ రంగో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"రంగుల్తో నాకేటి పని? నలుపూ తెలుపూ సూసుకుంటే సాలు" అన్నాడు.

అంతకుముందు సంవత్సరాల్లో ఆయన ఊళ్ళో వంతెన మీది నుంచే ఏటిని తీసేవాడు. ఆ ఏడు కొండల్లో నక్సలైట్ల గొడవలు. పార్వతీపురం వైపు, పాలకొండ వైపు పోలీసు వ్యాన్లు ఒకటే తిరుగుళ్ళు. వంతెనకి కాపలా పెట్టారు. ఈయన స్టాండు దింపగానే ఒక కానిస్టేబులు వచ్చి, వంతెన ఫొటో తీయకూడదన్నాడు. వంతెన కాదు బాబూ, రెల్లు తీస్తున్నానన్నాడు ఈయన. "రెల్లు ఫొటో ఎవడైనా ఎందుకు తీస్తాడయ్యా?" అని ఆ కానిస్టేబులు అడిగాడట. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి జవాబు నాకూ తెలియదు. అనుమానంతో ప్లేట్ల పెట్టె మూత తీయించి లోపల చూశాడు. వెలుగు తగిలాక ఆ ప్లేట్లు ఎందుకు పనికొస్తాయి? మా ఆయన ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు మాట్లాడాడు. "పాత రేవుకి పోతాను. అక్కడ వంతెనా లేదు, పోలీసూ లేడు" అన్నాడు.

పాత రేవు ఊరికి ఎగువన ఉంది. వంతెన కట్టకముందు నాగావళిని దాటాలంటే అదే దారి. కలకత్తా బాట మీద వచ్చే బండ్లు, దొరల పల్లకీలు, ఉప్పు మూటలు, ఎచ్చెర్ల వైపు నుంచి శ్రీకూర్మం మొక్కులకి పోయే జనం, అందరూ అక్కడే పడవ కోసం కూర్చునేవారట. రాతిమెట్లు ఇంకా ఉన్నాయి. పైన సగం కూలిన మండపం ఉంది. మెట్లకి అటూ ఇటూ పడవలు కట్టే రాతి గుంజలు, వాటి మీద తాళ్ళు ఒరుసుకుని పడ్డ లోతైన గాట్లు. మేము వెళ్ళేనాటికి ఒకే ఒక్క పడవ తిరిగేది. అది అవతలి గట్టు పల్లెలకి. రేవుకి ఎదురుగా, మా గట్టుకి దగ్గరలో ఒక ఇసుక దిబ్బ. దాని నిండా రెల్లు. గట్టుకీ దిబ్బకీ మధ్య చిన్న పాయ, మోకాలి లోతు నీళ్ళు. అసలు ఏరు దిబ్బకి అవతల.

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. నేను మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఎరగను. మేనరికం అయితే "బావా" అని పిలుచుకునేదాన్ని. మాది పైసంబంధం. పెళ్ళయి అత్తవారి గడప తొక్కేటప్పుడు ఆడబిడ్డలు అడ్డం నిలబడి పేరు చెప్పించే ముచ్చట ఉంది కదా, అప్పుడు చెప్పాను, నా చెవికే వినపడనంత మెల్లగా. ఆడబిడ్డలు నవ్వారు. మా అత్తగారు నవ్వలేదు. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఓలమ్మీ, ఇదే మొదులు, ఇదే ఆకరు. పేరెత్తితే మొగుడి ఆయుస్సు తగ్గిపోద్ది" అంది.

అది ఆవిడ అందరు అత్తల్లా పైపైన చెప్పిన మాట కాదు. మా మామగారు పొలం గట్టు మీద నిద్రపోతుంటే ఎవరివో ఎడ్లు పైరులో పడ్డాయట. పట్టరాని కోపంలో ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి కేకేసి లేపింది. ఆ కార్తీకంలోనే ఆయన పాము కరిచి పోయాడు. "నానే సంపుకున్నాను" అనేది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఏడుపు లేకుండా. నేను స్కూలు ఫైనలు చదివినదాన్ని. పాముకి పేరుతో పని లేదని నాకు తెలుసు. కానీ తెలిసి ఉండడం వేరు, నోరు తెరవడం వేరు. స్టూడియోకి వచ్చినవాళ్ళు ఆయన పేరు అడిగితే బోర్డు వైపు వేలు చూపించేదాన్ని.

దీపావళికి ముందు వారం. ఒంటెద్దు బండి కట్టించుకుని ముగ్గురం పాత రేవుకి బయల్దేరాం. నాకప్పుడు అయిదో నెల. తొలి కానుపు సుఖంగా అయితే పసుపు కుంకుమ ఇస్తానని మా అత్తగారు గంగమ్మకి మొక్కుకుంది, సగం ముందే ఏట్లో వదలాలి, సగం కానుపయ్యాక. ఎలాగూ కొడుకు ఏటికి పోతున్నాడు కదా అని మమ్మల్ని కూడా బండెక్కించింది.

రేవులో దిగగానే తల్లికీ కొడుక్కీ మొదలయింది. కడుపుతో ఉన్న ఆడది ఏరు దాటకూడదు. ఆ కడుపు పండించినవాడు కూడా దాటకూడదు. ఆయన పంచె ఎగ్గట్టి కెమెరా భుజానికెత్తేసరికి ఆవిడ అడ్డం నిలబడింది.

"పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు ఏరు దాటకూడదురా. నీకేటి సెప్పినా ఎక్కదేటి?"

"దాటతన్నానేటే అమ్మా? సగందాకే ఎల్తన్నాను. ఆ దిబ్బ దాకా."

ఇలాంటి జవాబులు ఆయనకి ఎక్కడ దొరికేవో తెలియదు. సగం ఏరు దాటితే తప్పో ఒప్పో శాస్త్రంలో లేదు కాబోలు, మా అత్తగారు పక్కకి తప్పుకుంది. ఆయన రెండు విడతలుగా సామానంతా దిబ్బ మీదికి చేర్చాడు. పడవ అవతలి గట్టున ఉంది. బండివాడు ఎద్దుని మేతకి తోలుకుని గట్టెక్కి పోయాడు. మెట్ల మీద నేను, మా అత్తగారు మిగిలాం. కిందికి కొంచెం దూరంలో నలుగురైదుగురు ఆడవాళ్ళు బట్టలుతుక్కుంటున్నారు.

పొద్దు బాగా పైకొచ్చింది. ఎండ కాస్తోంది గానీ గాలి చల్లగా ఉంది. కెమెరా మొహం ఏటి వాలుకి, కింద కనిపించే రెల్లు బారు వైపు పెట్టుకున్నాడు. అంటే ఆయన వీపు ఎగువకి. లెన్సుకి గాజుబిళ్ళ తొడిగి, గుడ్డ కప్పుకుని లోపలికి దూరాడు. ఇక అంతే. దిబ్బ మీద మూడు చెక్క కాళ్ళు, రెండు మనిషి కాళ్ళు, పైన ఒక నల్లమూట.

మా అత్తగారికి కొడుకు కంటికెదురుగా ఉండి పలకకపోతే తోచదు.

"ఒరే నాయినా, ఎండెక్కిపోతన్నాది. తలకి గుడ్డయినా సుట్టుకోరా" అని కేకేసింది.

"తలకి గుడ్డ ఉంది కదా అత్తమ్మా" అన్నాను.

దిబ్బ మీద నల్లగుడ్డ కిందినుంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగి, మళ్ళీ లోపలికి పోయింది. వస్తన్నానులే అని దాని అర్థం. కాసేపటికి దిబ్బ మీద పాములుంటాయని పిలిచింది. చెయ్యి ఊగింది. సద్ది తెచ్చాను తినిపోరా అని పిలిచింది. చెయ్యి ఊగింది. తన గొంతు అరిగిపోయాక, "నువ్వు పిలువే" అని నన్ను పురమాయించింది. నేను లేచి నిలబడి "ఏమండీ" అన్నాను. నాకూ అదే చెయ్యి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని నాకు కోపం వచ్చి, మెట్టు మీద కూలబడి మొహం తిప్పుకున్నాను.

అలా మొహం తిప్పుకోబట్టే పాయలో నీళ్ళు చూశాను. అప్పటిదాకా అడుగున ఇసుక కనిపిస్తూ, చిన్నచేపల నీడలు కూడా తెలిసేవి. ఇప్పుడు ఇసుక కనిపించడం లేదు.

నేను పుట్టి పెరిగింది పాలకొండ దగ్గర, ఇదే ఏటి ఒడ్డున. ఒరిస్సా కొండల్లో ఎక్కడో కుండపోతగా కురిస్తే, మాకు ఎండ కాస్తుండగానే ఏరు వచ్చేస్తుంది. ముందు నీళ్ళు మసకబారతాయి. తర్వాత నురగ, ఎండుటాకులు. ఆ తర్వాత ఎర్రనీరు. ఎర్రనీరు దిగిందంటే అసలు ఏరు దాని వెనకాలే ఉందని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. మేకలు కాసేవాళ్ళు మేకల్ని వదిలేసి పరిగెత్తేవాళ్ళు. నేను చూస్తుండగానే అడుగు మెట్టు మీద నురగ వచ్చి ఆగింది. దాంతోపాటు ఇంత వెడల్పు టేకాకు. మా వైపు టేకు చెట్లు ఎక్కడున్నాయి? కొండల్లోంచే రావాలి.

"అత్తమ్మా, ఏరు వస్తోంది" అన్నాను.

ఆవిడ నీళ్ళ కేసి చూసింది, నా కేసి చూసింది, లేచి అరవడం మొదలుపెట్టింది. కొడుకుని పేరు పెట్టి అరిచింది. ఒరే ఏరొస్తన్నాదిరా అని అరిచింది. అప్పటికే దిబ్బకి అవతల నీళ్ళ హోరు మొదలయింది, మాట మాటగా వెళ్ళడం లేదు. గొంతు మాత్రం వెళ్ళింది. నల్లగుడ్డ కింద నుంచి చెయ్యి వచ్చి ఊగింది.

నేను అరిచాను. "ఏమండీ, ఏమండీ" అని గొంతు చించుకున్నాను. అదే చెయ్యి.

ఆ చెయ్యిని అప్పుడు నేను ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. మెట్ల మీద రాళ్ళు ఏరి విసిరాను. సగం పాయ కూడా దాటలేదు, బుడుంగుమని మునిగాయి. ఒక మెట్టు మునిగింది. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, ఎడంవైపు నుంచి తోసుకొస్తున్నాయి. దిబ్బ ఎగువ కొసన రెల్లు నీళ్ళలో వంగుతోంది. ఆయన నిలబడిన చోటు ఇంకా పొడిగానే ఉంది, అదీ తంటా. కాళ్ళకి నీళ్ళు తగిలితే అయినా తెలిసేది. కళ్ళ ముందు గాజు మీద ఎర్ర ఏరు పారుతుంటే, ఆ నారింజ బిళ్ళ లోంచి ఆయనకి అది పొద్దున్న చూసిన ఏరే.

నేను చీర ఎగ్గట్టి పాయలోకి దిగాను. చీలమండ దాకా మునిగానో లేదో, మా అత్తగారు నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగేసింది.

"కడుపుతో ఏట్లో దిగతావేటే? ఇద్దర్నీ తినేస్తాది."

నన్ను మెట్టు మీదికి తోసి తనే దిగింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, చదునునేల మీదే గోడ పట్టుకు నడిచే మనిషి. నాలుగు అడుగులు వేసేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చాయి. ఒక్క తోపుకి పక్కకి ఒరిగింది. నేను రాతి గుంజని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆవిడ పైట అందుకుని లాక్కొచ్చాను. ఇద్దరం మెట్ల మీద పడ్డాం. ఆవిడ వగరుస్తూ ఇంకోసారి కొడుకుని పిలిచింది. ఈసారి చెయ్యి కూడా లేవలేదు. మబ్బు సరిగ్గా వచ్చి నిలబడి ఉంటుంది.

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ మొహం నేను అంతకు ముందు చూడలేదు.

"నువ్వు పిలువు" అంది.

"పిలిచాను కదా అత్తమ్మా."

"అలగ్గాదు. పేరెట్టి పిలువు."

పొలం గట్టు, ఎడ్లు, పాము అన్నీ ఆవిడ కళ్ళలోనే ఉన్నాయి. ఆవిడకి నా కన్నా ఎక్కువ తెలుసు తనేం అడుగుతోందో. పిలిస్తే ఆయన ఆయుష్షు నా నోటితోనే తెంచినదాన్నవుతాను, పిలవకపోతే ఏరు తెంచుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చదువుకున్నదాన్ని, ఇదంతా వెర్రి అని తెలిసినదాన్ని, నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

"పిలువే. పాపమేటైనా ఉంటే నాకే ఉంటాది. పిలువు" అంది ఆవిడ. నా వీపు మీద చరిచింది.

పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను, రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. ఆడబిడ్డల ముందు గొణిగిన ఆ రెండు ముక్కల్నీ పొట్టలో ఉన్న బలమంతా పెట్టి ఏటి మీదికి విసిరాను. కింద బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు చేతులాపి తలలెత్తారు.

గుడ్డ కింద నుంచి చెయ్యి అలవాటుగా లేచింది. సగంలో ఆగిపోయింది.

తర్వాత గుడ్డ ఎగిరిపోయింది. ఆయన బయటికొచ్చి మా వైపు చూశాడు. నేను రెండు చేతులతో ఎగువ వైపు చూపిస్తున్నాను. ఆయన ఎగువకి చూడలేదు. ముందున్న పాయలో నీళ్ళు చూడలేదు. నన్నే చూస్తూ పరుగు మొదలుపెట్టాడు. పసిబిడ్డలా చూసుకునే కెమెరా, పగులుతాయని ఎవర్నీ ముట్టనివ్వని ప్లేట్ల పెట్టె, వాటి వైపు తలైనా తిప్పలేదు. పరిగెత్తుకొచ్చినవాడు వచ్చినట్టే పాయలోకి దూకాడు.

నడుము దాకా వచ్చాక ఆయనకి నీళ్ళు తెలిశాయి. ఒక్క క్షణం ఆగి పక్కకి చూశాడు. అప్పటికి వెనక్కి తిరగడానికి లేదు. ఛాతీ దాకా మునిగాడు. తర్వాత కాళ్ళు లేచిపోయి తల ఒక్కటే కనిపించింది. మెట్లకి ఎదురుగా రావలసినవాడు వాలుకి కొట్టుకుపోతున్నాడు. మా అత్తగారు నోట్లో కొంగు కుక్కుకుంది. నేను మెట్ల వెంట వాలుకి పరిగెత్తాను, నా పొట్ట పట్టుకుని. ఆ ఆడవాళ్ళు ఉతుకుతున్న చీరని ఒకదాన్ని విప్పి విసిరారు. అందలేదు. రెండోసారి విసిరారు. చివరి రాతిగుంజ ఉంది చూడండి, అక్కడ ఆయన చెయ్యి గుంజకి తగిలింది. రెండో చేతికి చీర అంచు అందింది. నా కేక విని గట్టు మీది నుంచి పరిగెత్తుకొచ్చిన బండివాడు మెడ వరకూ దిగి జుట్టు పట్టుకున్నాడు. అందరం కలిసి లాగాం.

గట్టు మీద పడి నీళ్ళు కక్కాడు. ఊపిరి ఇంకా సరిగ్గా అందలేదు, నా చెయ్యి పట్టుకుని, "నీకేటయినాది?" అన్నాడు.

"నాకేం కాలేదు."

"పిల్లకి?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఏరు వచ్చింది. అటు చూడండి."

అప్పుడు చూశాడు. దిబ్బ సగం లేదు. రెల్లు కుచ్చులు నీళ్ళ మీద తెల్లగా తేలుతూ ఊగుతున్నాయి. వాటి మధ్య కెమెరా ఇంకా నిలబడే ఉంది, స్టాండు కాళ్ళు సగం మునిగి. నల్లగుడ్డ దాని మీద మళ్ళీ ఎవరో దూరినట్టు గాలికి ఉబ్బింది. ముందుకి ఒరిగింది. మేము చూస్తుండగానే ఏటిలోకి తల వంచి, పోయింది. ఆయన మోకాళ్ళ మీద లేచాడు. ఒక్క అడుగు అటు వేస్తాడేమోనని నేను పంచె కొస గట్టిగా పట్టుకున్నాను. వెయ్యలేదు. అలాగే కూర్చుండిపోయాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పట్టరాని కోపం. ఆ తడి వీపు మీద రెండు చేతులతో బాదాను, అందరూ చూస్తుండగానే. "అమ్మ అన్నిసార్లు పిలిస్తే వినపడలేదా? నేను పిలిస్తే వినపడలేదా?"

"ఇనబడింది. సద్ది తినడానికి అనుకున్నాను" అన్నాడు, తల వంచుకుని. "నువ్వు పేరెట్టి అరిసేసరికి పేనం పోనాది నాకు. నువ్వెప్పుడూ పిలవవు గదా. పిల్లకేటో అయిపోనాది, అందుకే అలాగ అరిసేవనుకున్నాను. ఏరు సంగతి నానెరగను."

ఎరిగి ఉంటే ఏం చేసేవాడో నాకు తెలుసు. కెమెరా మడిచేవాడు, ప్లేట్లు సర్దేవాడు, మోతకి రెండు విడతలు చూసుకునేవాడు. ఆలోగా ఏరు ఆయన్ని కూడా తీసుకుపోయేది.

ఆడవాళ్ళు చీర పిండుకుంటూ గుసగుసలాడుకోవడం వినిపించింది. వాళ్ళలో పెద్దావిడ ఒకతె మా అత్తగారి దగ్గరికి వచ్చి, "అదేటమ్మా, నీ కోడలు మొగుణ్ణి పేరెట్టి అరిసింది. మా సెవుల్తో ఇన్నాం" అంది.

మా అత్తగారు అందరికీ దూరంగా, మెట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంది. కొడుకు బయట పడ్డాక దగ్గరికి రాలేదు, ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంటోంది.

"నానే పిలవమన్నాను" అంది, తల ఎత్తకుండా. "నా పిలుపు ఆడికి పాతబడిపోనాది."

ఆయన తల తిప్పి తల్లి వైపు చూశాడు. బండివాడు ఎద్దుని కట్టాడు. ఆవిడ బండి ముందు భాగంలో, మాకు వీపు పెట్టి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆవిడే వండింది. అన్నం వార్చి, పీటలు వాల్చి, కంచాలు పెట్టింది. మామూలుగా అయితే నడవలోంచే వీధి చివరికి వినపడేలా కొడుకుని కేకేసేది. ఆ కేక కోసమే అన్నట్టు ఆయన ముందు గదిలో ఖాళీగా కూర్చుని ఉన్నాడు, కెమెరా ఉండే మూల వైపు చూస్తూ. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "పిలువు" అంది.

నేను గుమ్మం దాకా వెళ్ళి "ఏమండీ" అన్నాను. ఆయన వెంటనే లేచి వచ్చాడు. పీట మీద కూర్చుని, "నువ్వు పిలవలేదేటే అమ్మా" అన్నాడు.

ఆవిడ వినపడనట్టే పప్పు వడ్డించింది. మాఘంలో నాకు ఆడపిల్ల పుట్టింది. మనవరాలిని రోజంతా పేరు పెట్టి పిలుచుకునేది ఆవిడ, చాలా ఏళ్ళు బతికింది. కొడుకుని మాత్రం ఆవిడ మళ్ళీ పిలవగా నేను వినలేదు.